నీళ్లకిచ్చిన బొమ్మ

ఖురం వాదీ పొంగిన ఏడు అది. డెబ్బైల చివర. అంకె అడిగితే తడుముకుంటాను గాని, వాదీ పొంగిన ఏడు అంటే అప్పట్లో మస్కట్‌లో డ్యూటీ చేసిన మావాళ్లెవరైనా చెబుతారు. ఏడాదంతా దుమ్ము తప్ప ఏమీ లేని వాగు, కొండల్లో వాన పడ్డ గంటకు ఇంటెత్తున వచ్చి దొరికిందల్లా సముద్రంలోకి ఈడ్చుకుపోయింది. హెస్లప్ మేడం ఇంట్లో నడుము లోతు నీళ్లు నిలిచాయి. హాల్లో గోడకున్న పాత బొమ్మ మూడు రోజులు ఆ బురదలో నానింది.

ఆ ఇంటి గోడలకు మళ్లీ రంగు వెయ్యడానికి కంపెనీ నన్ను పంపడం, పని మధ్యలో నేను ఆ బొమ్మ ముందు నిలబడిపోవడం, "దీన్ని బాగుచెయ్యగలవా?" అని మేడం అడగడం, నేను తల ఊపడం పోయిన వారం చెప్పాను. బొమ్మ నా చేతికిచ్చి ఆమె రెండు నెలలు ఇంగ్లండ్ వెళ్లింది. ఇప్పుడు తిరిగి వచ్చింది. బొమ్మ తెమ్మని కబురు పంపింది.

శుక్రవారం. జుమ్మా నమాజు కాగానే ఫోర్‌మన్ షరీఫ్ పికప్ తీసుకొచ్చాడు. ముందు సీట్లో కామేశ్వరరావు గారు ఉన్నారు. ఆయనది కాకినాడ. కంపెనీ ఆఫీసులో డ్రాయింగులు చూసేవారు, దార్సైట్‌లో కుటుంబంతో ఉండేవారు. నా మాట మేడంకూ మేడం మాట నాకూ చేరవేసేది ఆయనే. నేను వెనక తొట్లో కూర్చుని బొమ్మను రెండు చేతులా పట్టుకున్నాను. సిమెంటు సంచులు కుట్టి దానికి ముసుగు వేశాను.

ఆయన కిటికీలోంచి తల బయటికి పెట్టారు.

"ఏమోయ్ ఇస్తారీ, మాకైనా కాస్త చూపించవుటయ్యా?"

"మేడం ముందల్నే తీస్త సార్."

"పెళ్లికూతుర్ని తీసుకెళ్తున్నట్టే ఉన్నావు. మేళం ఒక్కటే తక్కువ."

"నా జుమ్మా ఖరాబ్ చేసింది ఈ పెళ్లి," అని షరీఫ్ గేరు మార్చాడు.

నేను నవ్వలేదు. ఆ బొమ్మకు నలభై ఏడు రోజులు పట్టింది. డ్యూటీ అయ్యాక రూమ్ బయట కూర్చుని రాశాను. మత్రా బజారులో చింతగింజలు వెతికి, నానబెట్టి, నూరి, ఉడికించి గుడ్డకు పూశాను. ఆరేళ్ల తర్వాత నేను రాసిన మొదటి బొమ్మ అది. మాది నకాషీ ఇల్లు. మా నాయన పొడుగాటి గుడ్డ మీద కులాల కథలు రాసిచ్చేవాడు. కథ చెప్పేవాళ్లు ఆ పటం ఊరూరా దించి చూపించి ఆడేవాళ్లు. టూరింగ్ టాకీసులు వచ్చాయి, పటం రాయించుకునేవాళ్లు రావడం మానేశారు, నేను గోడలకు సున్నం వేసే పని పట్టుకున్నాను. ఈ బొమ్మ నిలబడితే నేను మళ్లీ నకాషీవాణ్ణి. లేకపోతే ఎప్పటికీ సున్నమే. ఆ రోజు నాకు ఇంకో ఆలోచన లేదు.

హాల్లో బొమ్మను సోఫాకు ఆనించి ముసుగు తీశాను.

రేవు కట్ట మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. వెనక పడవలు, వలలు, చేపలు ఏరుతున్న ముసలివాళ్లు ఇద్దరు. మేడం రెండు చేతులూ జోడించి నవ్వుతూ ముందుకు వచ్చింది. సగం దూరంలో ఆగింది. నవ్వు పోయింది. రావు గారితో ఏదో అంది.

"వీళ్లకి కళ్లేవీ అంటోందయ్యా. నిజమే, కళ్లేవీ? గుడ్డివాళ్ల రేవులా ఉందేమిటిది?"

"కండ్లు ఆఖర్న సార్. బొమ్మ గలవాళ్లు ముందట కూసున్నంకనే పెట్టాలె. కొబ్బరికాయ గూడ తెచ్చిన."

"కొబ్బరికాయా? ఈవిడ డ్రాయింగ్ రూములో కొడతావా?"

"బైట మెట్ల కాడ గొడ్త."

ఆయన తల పట్టుకుని ఏదో చెప్పారు. మేడం బొమ్మ చుట్టూ తిరిగింది. సముద్రం వైపు వేలు చూపించింది.

"సముద్రం ఎర్రగా ఎందుకుందీ అని."

"మాకు ఎన్క ఎరుపే సార్. మనుషులు అగుపడాలె గద."

ఆమె ఇంకా అరవలేదు. ఓపిక పట్టిన మనిషిలా ఊపిరి తీసుకుని ఒక ముక్క అడిగింది. రావు గారు నా వైపు తిరిగారు.

"సరే, ఇది నువ్వు రాసిన కాపీ. బాగానే ఉంది. పాతది ఏదీ అంటోంది."

"సముద్రానికిచ్చిన."

"ఏమన్నావు?"

"నీళ్లకిచ్చిన సార్. పదకొండు దినాలాయె."

అందులో దాచడానికి ఏముందో నాకు తెలియలేదు. మా ఇంట్లో పద్ధతి అది. పటం పాడైతే అతుకులు వెయ్యం. పాతదాన్ని ముందు పెట్టుకుని కొత్తది రాస్తాం. కళ్లు తప్ప అన్నీ అయ్యాక పాతదానికి పసుపూ కుంకుమా పెట్టి పారే నీటికి ఇస్తాం. ఒక కథకు రెండు పటాలు ఒకేసారి కళ్లు తెరిచి ఉండటం మా నాయన ఒప్పుకునేవాడు కాదు. ఇచ్చాక వెనక్కి చూడం. పటం బాగుచెయ్యమని వచ్చినవాడికి పాతది ఏమవుతుందో తెలిసే ఉంటుంది, ఎవరూ అడగరు. మేడంకు కూడా తెలుసనే అనుకున్నాను. చెక్క చట్రంతో సహా మోసుకెళ్లి ఖురం ఒడ్డున మొలలోతు నీళ్లలో నిలబడి వదిలాను.

రావు గారి మొహం పాలిపోయింది. "కొంప ముంచావు గదయ్యా," అన్నారు మెల్లగా.

షరీఫ్‌కు తెలుగు అంతంతమాత్రమే గాని సముద్రం ముక్క, ఆ మొహాలు చాలాయి. నా చెవి దగ్గరికొచ్చాడు. "అరే, బోల్ దే సడ్ గయా థా. ఫేంక్ దియా. బస్." కుళ్లిపోయింది, పారేశానని చెప్పెయ్యమంటున్నాడు.

"నువ్వు మాట్లాడకు. నేను సర్దుతాను," అని రావు గారు మేడం వైపు తిరిగి నాలుగు ముక్కలు మాట్లాడారు. మేడం కళ్లల్లో నీళ్లు తిరిగాయి, కానీ కోపం రాలేదు. పాపం అన్నట్టు నా వైపు చూసింది. అప్పుడు అర్థమైంది. ఆయన కూడా కుళ్లిపోయిందనే చెప్పారు.

"సార్, మీరు చెప్పింది నేను జెప్పింది గాదు."

"ఊరుకోవయ్యా. నీ మంచికే."

"నేను కుళ్లవెట్టలే సార్. మంచిగ సాగదోలిన."

"ఆ ముక్క చెప్తే సాయంత్రానికి విమానం ఎక్కిస్తారు నిన్ను. తెలుస్తోందా?"

నాకు ఇంగ్లీషు నాలుగైదు మాటలకు మించి రాదు. ఆ నాలుగూ చాలనిపించింది. మేడం ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

"మేడం. ఓల్డ్ పిక్చర్. గుడ్." చేతులతో పళ్లెం పట్టినట్టు పట్టాను. కిటికీలోంచి కనిపిస్తున్న సముద్రం చూపించాను. "సీ." వంగి, చేతులు నేల మీదకు దించి, మెల్లగా వదిలాను. లేచి నా రొమ్ము మీద వేలు పెట్టుకున్నాను. "నేను."

ఆమె కిటికీ వైపు చూసింది. నా వైపు చూసింది. తర్వాత అరిచిన అరుపుకు షరీఫ్ గుమ్మం దాకా వెనక్కి నడిచాడు.

అరిచి అరిచి ఆమె కుర్చీలో కూలబడింది. అప్పుడు మాట్లాడటం మొదలుపెట్టింది. రావు గారు ఒక్కొక్క ముక్కే నాకు చెప్పారు. ఈసారి ఏదీ మార్చలేదు, ఆ గొంతు వింటే తెలిసింది.

ఆ బొమ్మ రాసినవాడు మేడంకు ముత్తాత. పేరు ఆంబ్రోస్ టిల్లీ. వందేళ్ల కిందటి మనిషి. తెరచాపలు కుట్టేవాడి కొడుకు. చిరిగిన చాపగుడ్డ మీద బొగ్గుతో బొమ్మలు రాస్తుంటే రేవులో ఎవరో చూసి లండన్ పంపారు. అక్కడ అందరూ రాజులనూ దేవతలనూ రాస్తుంటే, ఇతను మాత్రం వల అల్లేవాణ్ణి, చేపలమ్మేదాన్ని, బడిలో దెబ్బలు తినే పిల్లల్ని, మొగుడు పోయినామె ఇంటి సామాను వేలం వేస్తుంటే చుట్టూ మూగిన జనాన్ని రాశాడు. అక్కడ ఏటా ఎండాకాలం ఒక పెద్ద హాలులో బొమ్మలు కడతారట, నేల నుంచి కప్పు దాకా. మూడేళ్లు ఇతని బొమ్మల్ని కప్పు దగ్గరే కట్టారు. మెడ నొప్పి పుట్టేలా తల ఎత్తితే తప్ప కనిపించవు. నాలుగో ఏడు ఒక వ్యాపారి వచ్చి, నీ బొమ్మలో ఏడుపు తగ్గించు, ఒక కుక్కపిల్లను పెట్టు, కొంటాను అన్నాడట.

"పెట్టిండా?" అని అడిగాను.

"పెట్టాట్ట. దాంతో దశ తిరిగింది. ఆ బొమ్మ అచ్చేసి ఇంటింటికీ అమ్మారట. ఆ తరవాత ఇరవై ఏళ్లు కుక్కపిల్లలూ, పిల్లికూనలూ, నవ్వే తాతలూ. వాటితోనే మేడ కట్టాడు. ఆఖర్న జనానికి మొహం మొత్తింది. ఒక్కరూ కొనేవాళ్లు లేక, బొమ్మల్ని గుర్రాలశాల కిటికీలకి అడ్డం పెట్టుకున్నారట."

మా ఇంట్లో నాయన రాసిన ఆఖరి పటం వడ్ల గుమ్మి మీద కప్పుగా ఉండేది. ఆ మాట నేను పైకి చెప్పలేదు.

"ఈ రేవు బొమ్మ ఒక్కటే ఆయన ఎవరికీ అమ్మలేదట. తన గదిలో గోడ వైపు తిప్పి పెట్టుకునేవాడట. చచ్చిపోయేదాకా. అలాంటిదాన్ని నువ్వు సముద్రంలో పారేశావు అంటోంది."

"పారెయ్యలే సార్. ఇచ్చిన."

"సర్లే, ఇచ్చావు."

మేడం కన్నీళ్లు తుడుచుకుని లేచింది. షరీఫ్ వైపు చూసి, కంపెనీకి ఫోన్ చేస్తానంది. ఆ మాట ఎవరూ చెప్పకుండానే నాకు అర్థమైంది. ఫోను వైపు నడుస్తూ నా బొమ్మ ముందునుంచి వెళ్లబోయి ఆగిపోయింది. వంగింది. ఆడమనిషి ఒడి మీద వేలు పెట్టింది.

రావు గారు కూడా వంగి చూశారు. "ఇదేమిటయ్యా? పాత బొమ్మలో ఈవిడ ఒడిలో చేపల బుట్ట ఉండేదిట. పసిపిల్లని పెట్టావేం? కుక్కపిల్ల బదులా?"

"నేను వెట్టలే. పాతదాంట్లనే ఉండె."

"లేదుటయ్యా! పుట్టిన దగ్గర్నుంచీ చూస్తోందిట ఆవిడ."

"పైన బుట్ట ఉండె సార్. నీళ్లు తాగి రంగు పెచ్చులు లేశింది. కింద పిల్ల ఉన్నది. కండ్లు మూసుకున్నది. బుట్ట ఎన్కసిరి రాశిండు. ముందటిది రాయాలె గద, అందుకని పిల్లను రాసిన."

రావు గారు ఆ మాటలు చెప్పడం పూర్తవకముందే మేడం మెట్లెక్కి పైకి పరుగెత్తింది. పై అంతస్తులోకి వరద రాలేదు. దిగి వచ్చేటప్పుడు ఆమె చేతిలో తోలు అట్ట వేసిన చిన్న పుస్తకం ఉంది. టిల్లీది. మొన్న ఇంగ్లండ్ వెళ్లినప్పుడు వాళ్ల పిన్ని ఇచ్చిందట. ఒక పేజీ తీసి నా బొమ్మ పక్కన పట్టుకుంది.

పెన్సిల్ గీతలు. రేవు కట్ట, ఆడమనిషి, ఒడిలో కళ్లు మూసుకున్న పిల్ల. నేను రాసినట్టే తల ఎడమ మోచేతి మీదకు వాలి ఉంది. పేజీ మిగతా సగం చినిగిపోయింది. కింద రెండు వరుసల రాత. రావు గారు కళ్లజోడు సవరించుకుని చదివారు.

"'ఈ రోజు ఇద్దరినీ కప్పేశాను. ఆమె ఒడిలో బుట్ట పెట్టాను. ఇక చూసేవాళ్లు ఏడవరు.'"

మేడం నా చెయ్యి పట్టుకుంది. నేను అబద్ధమాడలేదని ఆమెకు తెలిసింది. రావు గారు మళ్లీ పేజీ వైపు చూశారు.

"ఇద్దరు అని రాశాడే. పిల్ల ఒకటి. రెండోది ఎవరు?"

ఆ మాట నేను ముందే చెప్పాల్సింది.

"ఒక చెయ్యి ఉండె సార్. ఆమె బుజం మీద. ఎన్క ఎవరో నిలబడ్డట్టు. మనిషి మీద రంగు లేవలే, చెయ్యొక్కటే అగుపడ్డది. సగం మనిషిని రాయొద్దని ఇడిశిపెట్టిన."

"ఎలా ఉంది చెయ్యి?"

నోటితో చెప్పడం కన్నా గీయడం నాకు సులువు. జేబులో బొగ్గు ముక్క ఉంది. సిమెంటు సంచి కాగితం చించి నేల మీద పరిచాను. నలభై ఏడు రోజులు ముందు పెట్టుకున్న బొమ్మ అది, కళ్లు మూసుకున్నా గీతలు తెలుసు. మణికట్టు, మడత పెట్టిన చొక్కా అంచు, బొటనవేలు, మూడు వేళ్లు, సగం దాకా చిటికెన వేలు.

"చిటికెన వేలు కాడ రంగు పోయిందనుకున్న," అన్నాను.

మేడం నేల మీద మోకాళ్లు వేసి కూర్చుంది. ఆ కాగితాన్ని ముట్టుకోలేదు. చాలా మెల్లగా చెప్పింది. రావు గారు ఇంకా మెల్లగా చెప్పారు.

"రంగు పోలేదుటయ్యా. టిల్లీకి చిన్నప్పుడు తెరచాప తాడు బిగుసుకుని ఎడమచేతి చిటికెన వేలు సగం తెగిందిట. ఆ చెయ్యి ఆయనదే." ఆగి, నా బొమ్మలో ఆడమనిషి వైపు చూశారు. "ఆయన భార్య ఫోటో ఈవిడ దగ్గరుందిట. ఈ మనిషి ఆవిడ కాదుట."

గుమ్మంలోంచి షరీఫ్ కూడా బొమ్మ వైపు చూశాడు. పడవలు, వలలు, ముసలివాళ్లు, ఆమె, పిల్ల. అందరూ కళ్లు లేకుండా మా వైపే తిరిగి ఉన్నారు.

ముందు లేచింది మేడమే. కుర్చీ లాగి సరిగ్గా బొమ్మకు ఎదురుగా వేసుకుంది. గౌను సర్దుకుని, మా ఊళ్లో పటం రాయించుకున్నవాళ్లు కూర్చున్నట్టే వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది.

"ఫోన్ చెయ్యనంటోంది. పని అయిపోయిందనుకుందాం, కళ్లు పెట్టెయ్యమంటోంది. బతికిపోయావు. కానియ్యి, కొబ్బరికాయ తియ్యి."

నలభై ఏడు రోజులు నేను ఎదురుచూసింది ఆ మాట కోసమే. సన్నని కుంచె చొక్కా జేబులోనే ఉంది.

"పెట్టను సార్," అన్నాను.

"ఏమిటీ?"

"ఒక మనిషి తక్కువున్నడు. ఆయన లేకుంట కండ్లు పెడితె ఆమె ఎవలను సూస్తది? గా మనిషి మొకం పాతదాంట్లనే ఉన్నది. నేనే నీళ్లకిచ్చిన. నేనే తేవాలె."

"పిచ్చెక్కిందా? సముద్రంలో ఎక్కడని వెతుకుతావు?"

"చెక్క చట్రం సార్. మునగదు. ఏడనో ఒడ్డుకు తగుల్తది."

మేడంకు ఆ మాట చెప్పారు. ఆమె నా మొహం చూసి, టిల్లీ పుస్తకంలోంచి ఆ పేజీ జాగ్రత్తగా విడదీసి నా చేతిలో పెట్టింది.

పికప్ దగ్గర షరీఫ్ నా చొక్కా పట్టుకున్నాడు. "సుబహ్ సాత్ బజే సైట్ పే దిఖ్‌నా. నహీ తో భగోడా లిఖ్ దూంగా." ఏడింటికి సైట్‌లో కనిపించకపోతే పారిపోయాడని పోలీసుకు రాసిస్తాడు. రాస్తే జైలు, తర్వాత ఊరు. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉంది. వాడు చెడ్డవాడు కాదు. మనిషి తగ్గితే వాణ్ణే అడుగుతారు.

రూమ్‌లో నాతో ఉండే మా ఊరి పెద్దులుకు చెప్పాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు.

"నీళ్లకిచ్చినదాన్ని మల్ల అడుగుతవా అన్నా? మీ నాయన ఉంటె ఇంట్లకు రానిస్తుండెనా?"

"రానియ్యడు."

"మరి?"

"మన పటమైతె అడగకపోదును. అది మన పటం గాదు. ఆయన పిల్లను దాశిపెట్టుకున్నడు. తెల్వక ఇచ్చిన."

"గా దొర సచ్చి వందేండ్లాయె."

"అయితేంది," అన్నాను. పెద్దులు నా పళ్లెంలో కూడా అన్నం పెట్టాడు.

మర్నాడు ఇంకా వెలుగు రాకముందే లేచి, పేజీని పాలిథిన్ కవరులో చుట్టి బనియన్ లోపల పెట్టుకుని, కొండ దాటి మత్రా రేవుకు నడిచాను. ఒడ్డు వెంబడే సూర్ రేవుకు వెళ్లే లాంచీ ఒకటి బియ్యం బస్తాలు ఎక్కించుకుంటోంది. నాఖుదా, అంటే లాంచీ పెద్ద, బొంబాయి ఎరిగిన మనిషి, హిందీ వచ్చు. ఏం పని చేస్తావన్నాడు. పెయింటర్నన్నాను. లాంచీ ముక్కుకు రంగు వెలిసిపోయింది, సూర్ చేరేలోపు అది వేసిపెడితే ఎక్కమన్నాడు. కాగితాలు అడగలేదు. ఎక్కాను.

సైట్‌లో హాజరు పిలిచే వేళకు నేను ముక్కు మీద బోర్లా పడుకుని పచ్చరంగు పూస్తున్నాను. మస్కట్ కొండలు పక్కనుంచి జరుగుతున్నాయి. సూర్‌లో ఏం పని అని నాఖుదా అడిగాడు. చేతులతో చట్రం కొలత చూపించి చెప్పాను. ఈ రోజుల్లో గాలి అటే, ఖురంలో వదిలింది సూర్ వైపే కొట్టుకుపోతుంది అన్నాడు. నా ప్రాణం లేచి వచ్చింది.

"గుడ్డ మీద నూనె రంగేనా?" అని మళ్లీ అడిగాడు.

అవునన్నాను.

అతను తల అడ్డంగా ఊపాడు. సూర్ ఒడ్డున ఇప్పుడు మూడు పడవలు కడుతున్నారు, పలకల సందుల్లో నూనెగుడ్డ పేలికలు కుక్కే పని నడుస్తోంది అన్నాడు. సముద్రం తెచ్చిన నూనెగుడ్డ కనిపిస్తే వాళ్లు అందులో ఏముందో చూడరు, చించేస్తారు.

"ఎప్పటికి చేరతాం?"

"రేపు పొద్దు వాలేసరికి."

"ఇంకా ముందు?"

"ఇంజను ఇదే," అన్నాడు.

నేను బ్రష్షు డబ్బాలో ముంచి, ముక్కు రెండో వైపుకు పాకాను.